తాళాలు ఎవరి బొడ్లో?

2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పట్లో కేంద్ర ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడి ఉంది, ఆ చట్టంలో వాళ్ల ఒత్తిడి కూడా ఉంది. దాన్ని మన దగ్గర నడిపించింది మాత్రం కంప్యూటరే. ఎవరు ఎన్ని రోజులు పనికొచ్చారో, ఎంత కూలి పడిందో అందులో ఎక్కేది. సామాజిక తనిఖీలో ఆ లెక్కను ఊరి జనం ముందు చదివితే దొంగ మస్టర్లు (హాజరు పట్టీలు) బయటపడేవి.

2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనిచోట్లా రెండు పూటలా ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. గుట్టల నడుమ సిగ్నల్ అందక ఫోటో ఎక్కకపోతే, ఎండలో పార పట్టిన మనిషికి కూలి వస్తుందో రాదోనన్న టెన్షన్. అప్పుడు కూలీలు ఆఫీసును లెక్క అడిగేవారు. ఇప్పుడు ఆఫీసే కూలీల మొహాలు లెక్కపెడుతోంది. బీరువా కొన్నది ఎవరైనా, తాళాలు బొడ్లో దోపుకున్నవారిదే కదా ఇంట్లో పెత్తనం!

సోషలిస్టు ప్రభుత్వాలకూ కంప్యూటర్‌తో వచ్చిన పేచీ ఇదే. చిలీలో సోషలిస్టు అధ్యక్షుడు అయెందే ప్రభుత్వం 1971లో, తాను జాతీయం చేసిన ఫ్యాక్టరీలను ఒక వలగా కలపడానికి బ్రిటన్ నుంచి నిర్వహణ శాస్త్ర నిపుణుడు స్టాఫర్డ్ బీర్‌ను పిలిపించింది. కంప్యూటర్లకు కరువు, అందుకే తీగ మీద రాతకబుర్లు పంపే టెలెక్స్ యంత్రాలతో సరిపెట్టుకున్నారు. 1972 అక్టోబర్‌లో లారీ యజమానులు సమ్మెకు దిగినప్పుడు ఏ దారి తెరిచి ఉందో, ఎక్కడ సరుకు నిండుకుందో చెప్పింది ఆ టెలెక్సులే. మరుసటి ఏడు సెప్టెంబర్ 11న సైన్యం తిరగబడింది. అక్కడితో ఆ ప్రయత్నమూ పోయింది.

సోవియట్ యూనియన్‌ను ఏ సైన్యమూ కూల్చలేదు. అయినా దేశమంతా కంప్యూటర్లను కలుపుదామని అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త గ్లుష్కోవ్ 1962లో వేసిన పథకం సొంత శాఖల పంతాల్లో నలిగి, 1970 నాటికి కుదించుకుపోయింది. తాళాలు వదులుకోవడం కామ్రేడ్లకూ కష్టమే మరి.

మన దేశంలో వామపక్ష సంఘాలు 1960లలో కలకత్తాలో ఎల్‌ఐసీ కంప్యూటర్‌ను అడ్డుకున్నాయి. ఉద్యోగాలు పోతాయన్న భయం ఉత్తదని మేం అనం. కానీ గుమ్మం దగ్గర కాపలా కాస్తూ కూర్చుంటే, యంత్రం పెరటి దారిన వచ్చేసింది. కేరళ తెలివిగా బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా చూసి మార్చుకోగలిగేది) పెట్టి, టీచర్లకు అందులో చేయి పెట్టే అవకాశం ఇచ్చింది.

జైల్లో ఉన్న కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డిని 1952లో గెలిపించిన అనంతపురానికి ధర్నాలు కొత్త కాదు. సిగ్నల్ లేని రోజు కాగితం మస్టరు చెల్లాలి. తప్పు పడిన హాజరును గ్రామసభ తీర్మానంతో దిద్దే వీలు ఉపాధి పనుల సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి. ఈసారి కలెక్టరేట్ ముందు టెంటు వేసే సంఘాలు తమ వినతిపత్రంలో కూలి రేటు కింద ఈ రెండూ చేర్చాలి.