గోమారి గారూ, మీ టికెట్ లేని ప్రయాణాల గురించి

గోమారి గారూ,

గేదె చెవిలోనో, ఆవు తోక కిందో కాపురం పెట్టే మిమ్మల్ని మేం ఇన్నాళ్ళూ గొడ్ల బాధగానే చూశాం. మీ వ్యవహారం పార్లమెంటు దాకా వెళ్ళిందని తెలిశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోయాయి, చుట్టుపక్కల ఊళ్ళలో మనుషులు జ్వరంతో మంచాన పడ్డారు. పుణే వైరస్ పరిశోధన కేంద్రం వాళ్ళు చూస్తే అది కొత్త వైరస్, మోస్తున్నది మీరు. ఇంకెవరైనా అయితే అక్కడికక్కడే దొరికిపోయేవాళ్ళు. మీ అదృష్టం, ఆ వైరస్‌కి రష్యాలో మీ చుట్టాలు అంటించే మెదడువాపు వైరస్‌తో దగ్గరి పోలిక కనిపించింది. ఇంకేం, చూపులన్నీ ఆకాశం వైపు తిరిగాయి, సైబీరియా నుంచి వలస వచ్చే పక్షులే తెచ్చాయేమోనని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు పక్షుల్ని వలలతో పట్టి, కాళ్ళకు ఉంగరాలు తొడిగి, ఒంటి మీద మీవాళ్ళని ఏరారు. తర్వాత ఆ పనికి అమెరికా సైన్యం డబ్బు కూడా వచ్చిందని బయటపడేసరికి, 1970లలో జీవాయుధాలనీ గూఢచర్యమనీ పత్రికల్లో గొడవ, పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీలో విచారణ. పక్షి మీద అనుమానం, పరిశోధకుడి మీద అనుమానం. మీరు మాత్రం ఆకు చివర ముందుకాళ్ళు చాచుకుని తాపీగా కూర్చున్నారు.

పక్షులకి ఏ పాపమూ తెలియదని నేననను. నేల మీద గింజలేరుకునే అడవికోళ్ళ లాంటి వాటికి మీ పిల్లలు పట్టుకుంటారు, అదీ కళ్ళ చుట్టూ, చెవుల దగ్గర, ముక్కు అందని చోటు చూసుకుని మరీ. మీ చుట్టాల్లో హయలోమా జాతి వాళ్ళైతే చిన్న పిట్టల తలకి అతుక్కుని ఆఫ్రికా నుంచి మధ్యధరా సముద్రం దాటి యూరప్‌లో దిగుతారు, ఎదిగేలోపు రెండు పిల్ల దశలూ ఆ పిట్ట మీదే గడిపేస్తారు కాబట్టి వాళ్ళకది సాధ్యం. క్యాసనూరు శాఖ వారు మీరు అలా కాదుగా! కొద్ది రోజుల్లో కడుపు నిండగానే రాలిపోయి, రూపం మార్చుకుని, ఇంకో ప్రాణిని వెతుక్కుంటారు. సైబీరియా నుంచి శివమొగ్గ దాకా వేలాడే ఓపిక మీకెక్కడిది? పక్షులు అక్కడి నుంచి ఈ జబ్బు తెచ్చాయనడానికి రుజువూ దొరకలేదు.

నిజం చెప్పాలంటే మీకు పెద్ద ఉపకారం చేసింది మేమే. అడవి నరికి పొలాలు చేసుకున్నాం, మిగిలిన అడవిలోకి పశువుల్ని తోలాం. వాటి రక్తం తాగి పెద్దయిన మీ ఆడవాళ్ళు వేలల్లో గుడ్లు పెట్టారు. జబ్బుపడ్డ కోతి చచ్చిన చోట మీరంతా కుప్పగా దిగిపోతారు, తెల్లారి ఆ దారిన ఎండుటాకులకి వెళ్ళిన కూలీకి మీరే ఎదురు. 2012 నుంచి వయనాడు, నీలగిరి, గోవా, మహారాష్ట్ర సింధుదుర్గ్ దాకా మీ పేరు వినిపించింది. అంతా పశ్చిమ కనుమల వెంటే, రష్యా వీసా అక్కర్లేని దారి.

నూటికి ముగ్గురు నలుగురు ప్రాణాలు పోగొట్టుకునే జ్వరం ఇది, సూటిగా పనిచేసే మందు లేదు. డిసెంబరు నుంచి మే దాకా మీ సీజనంటే అక్కడి ఆశా కార్యకర్తలకి టెన్షనే. అడవికి వెళ్ళేవాళ్ళు మీరు పట్టకుండా కాళ్ళకి నూనె రాసుకుంటారు, మధ్యాహ్నానికి అది చెమటకి కారిపోతుంది.

ఈసారి ఎంక్వైరీ వేస్తే మీరు కాస్త సహకరించండి. రెండే కాళ్ళున్న పక్షి ఉంగరానికి ఒకటి చాచింది, మీకు ఎనిమిది ఉన్నాయి కదా.

ఇట్లు,
మీకింకా దొరకని ఒక మనిషి