అత్యాశ ఒక్కటే కారణం కాదు
2020 మార్చిలో, కరోనా మొదలైనప్పుడు, టాయిలెట్ పేపర్ దొరక్కపోవడానికి జనం అత్యాశే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అది సగమే నిజం. ఆఫీసులు, స్కూళ్లు, హోటళ్లు మూతపడి అందరూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఇంటి వాడకం నిజంగానే పెరిగింది. ఆఫీసులకు వెళ్లే సరుకేమో వేరు. పల్చటి ఒంటి పొర కాగితం, పెద్ద పెద్ద చుట్టలు, చాలావరకు ఇంట్లో హోల్డర్‌కి పట్టనే పట్టవు. దాన్ని తయారుచేసే మిషన్లను, ప్యాకింగును రాత్రికి రాత్రి మార్చడం కుదరదు. పైగా ఇది బరువు తక్కువైనా చోటు బాగా తినే సరుకు. పదిమంది రెండేసి ప్యాకెట్లు అదనంగా పట్టుకెళ్తే చాలు, షాపులో షెల్ఫ్ బోసిపోతుంది, చూసినవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. 1973లో చమురు సంక్షోభమప్పుడు కాగితం దొరకదన్న పుకారుతో జపాన్‌లోనూ ఇలాగే ఎగబడ్డారు. నేనూ తక్కువేం కాదు, ఆ కంగారులో దొరికిందే చాలని ఏదో పేరు తెలియని రకం పెద్ద కట్ట కొన్నాను. తడి తగిలితే చాలు పొడిపొడి అయ్యేది, నాలుగు మడతలు పెట్టినా వేలు బయటికొచ్చేది (ఇంతకంటే వివరంగా చెప్పలేను). ఒకటికి మూడింతలు వాడాల్సొచ్చి, ఆర్నెల్లకని కొన్నది రెండు నెలల్లో అయిపోయింది.