విడుదల వద్దు, వదంతి చాలు

ఏ ఫ్లాగ్‌షిప్ ఫోనైనా (కంపెనీ తెచ్చేవాటిలో అన్నిటికంటే గొప్పదని చెప్పుకునే ఫోన్) నిజంగా బాగా పనిచేసేది విడుదలకు ముందున్న ఎనిమిది తొమ్మిది నెలలే. ఆ రోజుల్లో అది వేడెక్కదు, హ్యాంగవదు, చెయ్యిజారి పగలదు. చీకట్లో తీసిన ఫొటో పట్టపగల్లా వస్తుంది. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే రెండు రోజులు ఆగుతుంది. ఇంత చక్కగా నడుస్తున్న దాన్ని కంపెనీవాళ్లు తొందరపడి విడుదల చేస్తారు. అక్కడితో దాని పతనం మొదలు. ఏటా జరిగే ఈ నష్టం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు కాబట్టి మా ప్రతిపాదన ఇది: రాబోయే ఫ్లాగ్‌షిప్‌ను విడుదల చేయకండి. పుకారు దగ్గరే ఆపేయండి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కెమెరానే తీసుకుందాం. పుకారు ఫోన్‌లో ఒక అంగుళం సెన్సర్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్) ఉంటుంది, మందం ఆరు మిల్లీమీటర్లే, వెనకవైపు బుడిపె ఉండదు. అసలు ఫోన్‌కు ఈ అదృష్టం లేదు. అంగుళం సెన్సర్ అని పిలిచేదాన్ని మూల నుంచి మూలకు కొలిస్తే వచ్చేది 16 మిల్లీమీటర్లే. (అంగుళమంటే 25.4 కదా అంటారేమో. ఆ పేరు పాతకాలపు టీవీ కెమెరా గొట్టాల బయటి వ్యాసం నుంచి వచ్చింది. గొట్టాలు పోయాయి, అంగుళం మిగిలింది. ఫోన్ల కంటే ముందు పుట్టిన పుకారు ఇది.) ఆ సెన్సర్ మీద మామూలు 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌కు సమానమైన దృశ్యం పడాలంటే ఫోకల్ లెంగ్త్ (స్థూలంగా లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం) దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. ఆరు మిల్లీమీటర్ల ఒంట్లో తొమ్మిది మిల్లీమీటర్లు దాగవు. పైన అద్దం, కింద సెన్సర్ బోర్డు, చుట్టూ లెన్స్‌ను కదిపే మోటార్లు కూడా చోటడుగుతాయి. పెరిస్కోప్‌లా ప్రిజం పెట్టి వెలుగును పక్కకు తిప్పవచ్చు కదా అని పుకారు పండితులు ఏటా అడుగుతారు. తిప్పవచ్చు. కానీ అప్పుడు సెన్సర్‌ను నిలబెట్టాలి. దాని పొట్టి వైపే 8.8 మిల్లీమీటర్లు. బుడిపె చోటు మారుతుందేమో గానీ పోదు.

200 మెగాపిక్సెల్ సంగతీ అంతే. అందులో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. అంత చిన్న గూట్లో వెలుగు తక్కువ పడుతుంది కాబట్టి పదహారేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపేస్తారు. చేతికి వచ్చే ఫొటో 12.5 మెగాపిక్సెల్. పుకారు ఫోన్‌లో మాత్రం రెండు వందలకు రెండు వందలూ చీకట్లో సైతం విధి నిర్వహణలో ఉంటాయి.

బ్యాటరీ విషయంలో పుకారు కొంతవరకు నిజాయితీపరురాలు. 7,000 ఎంఏహెచ్ ఇప్పుడు గాలి కబురు కాదు. ఛార్జింగ్ వేళ లిథియం చేరే ఎలక్ట్రోడ్‌ను (ఆనోడ్‌ను) మామూలుగా గ్రాఫైట్‌తో చేస్తారు; బరువు లెక్కన చూస్తే, సిలికాన్ దానికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ లిథియంను పట్టుకోగలదు. కాకపోతే పట్టుకున్నాక మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, ఛార్జింగ్ దిగాక కుంచించుకుపోతుంది. రోజూ ఇలా ఉబ్బి తగ్గితే పగుళ్లిస్తుంది. అందుకే దాన్ని కార్బన్‌లో ఇమిడ్చి, గ్రాఫైట్‌లో తగుమాత్రంగానే కలుపుతారు. పిండి కొద్దీ రొట్టె. ఆపైన రవాణా నిబంధన ఒకటుంది: ఒక్కో సెల్ 20 వాట్ అవర్లు దాటితే దాన్ని మరింత ప్రమాదకరమైన సరుకుగా లెక్కగడతారు. 3.85 వోల్టుల దగ్గర అది సుమారు 5,200 ఎంఏహెచ్. అందుకని కొందరు బ్యాటరీని రెండు సెల్స్‌గా చీలుస్తారు. ఇంకొందరు అదే ఫోన్‌ను ఒక దేశంలో పెద్ద బ్యాటరీతో, మరో దేశంలో చిన్న బ్యాటరీతో అమ్ముతారు. పుకారుకు ఓడ ఎక్కే పని లేదు గనుక అది ఎక్కడైనా 7,000తోనే తిరుగుతుంది. ఇరుకు గూట్లో పెద్ద బ్యాటరీని కుక్కితే ఏమవుతుందో 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 అంటుకుని మరీ చూపించింది. కారణాలు వెతికితే, మొదటి రకం బ్యాటరీల్లో మూల దగ్గర చాలినంత చోటు లేక ఎలక్ట్రోడ్ వంగిందని తేలింది. వదంతి దశలో ఉన్న ఏ బ్యాటరీ ఇంతవరకు అంటుకోలేదు. ఇది మా వాదనకు గట్టి సాక్ష్యం.

ఇంతటి ఫోన్ తయారీకి ఫ్యాక్టరీ అక్కర్లేదు, వ్యాకరణం చాలు. మొదటివాడు ‘కొత్త కెమెరా ఉండొచ్చు’ అంటాడు. రెండోవాడు ‘ఉంటుందట’ అంటాడు. మూడోవాడు ఆ ‘ట’ను కోసేసి ‘ఉండనుంది’ అని శీర్షిక పెడతాడు. నాలుగోవాడి దగ్గరకొచ్చేసరికి అది ‘ఉంది’. అప్పుడు మొదటివాడు నాలుగోవాణ్ని చూపించి ‘నేను చెప్పిందే మరో వర్గం కూడా ధ్రువీకరించింది’ అంటాడు. ఈ అసెంబ్లీ లైన్‌లో ఒక్క పీసు కూడా రిజెక్ట్ కాదు. విడుదలయ్యాక కెమెరా లేకపోతే కంపెనీ ‘ఆఖరి నిమిషంలో తీసేసింది’ అని రాస్తారు. లేనిదాన్ని తీసేయగలిగిన సంస్థ ఎంత శక్తిమంతమైనదో!

ఆధారాలు లేవనుకోకండి. ఉన్నాయి, వాటికి తరతమ భేదాలున్నాయి. ఫోన్ కేసులు (కవర్లు) తయారు చేసేవాళ్ల దగ్గరుండే క్యాడ్ డ్రాయింగులను, అంటే కంప్యూటర్‌లో గీసిన నమూనాలను, కాస్త నమ్మవచ్చు. పొడవు, వెడల్పు, మందం, ఏ బటన్ ఎక్కడుందో మిల్లీమీటర్లలో చెబుతాయి. ఆ రంధ్రం వెనక ఏ సెన్సర్ ఉందో చెప్పవు. చైనాలో అమ్మాలంటే తీసుకోవాల్సిన 3సీ భద్రతా ధ్రువపత్రంలో ఛార్జర్ వాట్లు దొరుకుతాయి. అవి గరిష్ఠ వాట్లు, ఛార్జింగ్ మొదట్లో కొన్ని నిమిషాలు కనిపించి దిగిపోతాయి. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గించకపోతే ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుపోతుంది మరి. బ్లూటూత్ ధ్రువీకరణ జాబితాలో దొరికేది పేరుకు మించి పెద్దగా ఏమీ ఉండదు. ఫోన్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ యాప్ స్కోరైతే మరీ తాటాకు చప్పుడు: రూట్ చేసిన (లోపలి ఫైళ్లను మార్చే వీలు తెచ్చుకున్న) ఏ ఫోన్‌లోనైనా బిల్డ్.ప్రాప్ అనే సిస్టం ఫైల్‌లో మోడల్ పేరు మార్చి పరీక్ష నడిపితే రాబోయే ఫ్లాగ్‌షిప్ పుట్టేస్తుంది. ఒకవేళ అసలైనదే అయినా, తొలి నమూనాలను తక్కువ క్లాక్ వేగంతో నడుపుతుంటారు. ఆ స్కోరు చూసి సంతాప సభలు పెట్టుకునేవాళ్లున్నారు.

అయినా కేసులను నమ్మి మోసపోయిన సందర్భమూ ఉంది. 2011లో ఐఫోన్ 5 కన్నీటిబొట్టు ఆకారంలో, ఒకవైపు సన్నగా వస్తుందని లోకం నిశ్చయించింది. ఆ కొలతలకు కేసులు కూడా తయారయ్యాయి. అక్టోబరులో వచ్చింది పాత ఆకారంలోనే ఉన్న 4ఎస్. కేసులు సమయానికి వచ్చాయి, ఫోనే రాలేదు. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా? 2023లో ఐఫోన్ 15 ప్రోకు కదలని, నొక్కితే స్పందన మాత్రమే ఇచ్చే బటన్లు వస్తాయన్నారు. మామూలు బటన్లే వచ్చాయి. అదే ఫోన్‌కు టైటానియం చట్రం వస్తుందన్న మాట నిజమైంది, టైటానియం లేనిది ఫ్లాగ్‌షిప్పే కాదన్నారు. 2025లో 17 ప్రో అల్యూమినియానికి తిరిగొచ్చింది. వేడిని బయటికి లాగడంలో అల్యూమినియం ఎన్నో రెట్లు మెరుగని అప్పుడు అందరికీ ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఐఫోన్ చేసే యాపిల్ కంపెనీయే స్వయంగా చెప్పినా దిక్కు లేదు. 2017 సెప్టెంబరులో వేదికెక్కించి చూపించిన ఎయిర్‌పవర్ ఛార్జింగ్ చాపను 2019 మార్చిలో రద్దు చేశారు. చూశారుగా, అధికారిక ప్రకటన కూడా వదంతే, ఖర్చు ఎక్కువ.

ఇక ఆశావాదుల గురించి. విడుదలకు రెండు నెలల ముందు వీళ్ల విన్నపాలు మొదలవుతాయి: 3.5 ఎంఎం జాక్ తిరిగి ఇవ్వండి, మెమరీ కార్డుకు చోటివ్వండి, డబ్బాలో ఛార్జర్ పెట్టండి. చిప్ డిజైన్ ఏడాదికి ముందే ఖరారైపోతుంది. ఈవీటీ, డీవీటీ, పీవీటీ (వరుసగా ఇంజినీరింగ్, డిజైన్, ఉత్పత్తి పరీక్షలు) అని మూడు దశల నమూనాలు పరీక్షలు దాటుకుని, అచ్చులు తయారై, విడిభాగాలు లక్షల్లో గోదాములకు చేరుతుంటాయి. ఆ సమయంలో మార్చడానికి మిగిలేది సాఫ్ట్‌వేర్, వాల్‌పేపర్, ధర. వాటిలో ధర ఏ వైపు మారుతుందో వేడుకునేవాళ్లకు బాగా తెలుసు.

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత ఇక్కడ చాలడం లేదు. ఇక్కడ కొడుకు ఇంకా పుట్టనే లేదు, ‘వీడి కోసం ఎందుకు, మనవడిదాకా ఆగండి, వాడికి తెర కింద కెమెరా ఉంటుంది’ అంటున్నారు. తెర కింద కెమెరాతో జెడ్‌టీఈ ఆక్సాన్ 20 2020లోనే వచ్చింది. తెర పిక్సెళ్ల సందుల్లోంచి రావడంలో వెలుగు చెదిరి ఫొటో మసకబారింది. విడుదల చేస్తే ఇలాగే ఉంటుంది.

మా ప్రతిపాదన అమలు తేలికే. వేదిక యథాతథంగా ఉండనివ్వండి, సంగీతం ఉండనివ్వండి, నల్ల తెర మీద ఫోన్ అంచు ఒక్కటి మెరిసేలా చూపించి దీపాలు ఆర్పేయండి. ముందస్తు బుకింగులు తీసుకోండి, డెలివరీ తేదీని పుకారుకు వదిలేయండి. రివ్యూలు రాసేవాళ్లకు ఇబ్బంది లేదు, వాళ్లలో కొందరు ఎలాగూ ముందే రాసి పెట్టుకున్నారు. ఈలోగా ఎవరికైనా ఫోన్ చేయాల్సిన పని పడితే జేబులో ఉన్నదే వాడుకోవచ్చు. అది కూడా పుకారుగా ఉన్న రోజుల్లో చాలా బాగుండేది.