ఫ్లోరెన్స్‌ను చూడటానికి కళ్లొక్కటే చాలవు

ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠంలో మెట్లెక్కి పై అంతస్తుకు చేరగానే ఎదురుగోడ మీద గబ్రియేలు దూత, కన్య మరియ కనిపిస్తారు. డొమినికన్ సన్యాసి, చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో గీసిన ఈ ఫ్రెస్కోను, అంటే తడి సున్నపు గోడ మీద వేసిన చిత్రాన్ని, చూడ్డానికే చాలామంది అక్కడికి వెళ్తారు. బొమ్మ అడుగున లాటిన్‌లో ఒక హెచ్చరిక రాసి ఉంటుంది. ఈ కన్య రూపం ముందుకు వచ్చినప్పుడు మంగళవార్త జపం చెప్పకుండా దాటిపోవద్దు, జాగ్రత్త అని దాని భావం. 1440ల్లో ఆ దారిలో రోజూ తిరిగింది డొమినికన్ సన్యాసులు. ప్రార్థనకు దిగుతూ, గదులకు ఎక్కుతూ వాళ్లు ఈ గోడను దాటాలి. ఆ చిత్రం వాళ్లకొక పని అప్పజెప్పింది. ఆ పని చెయ్యకుండా ఎంతసేపు నిలబడి చూసినా చిత్రాన్ని సగమే చూసినట్టు.

ఫ్లోరెన్స్ పవిత్ర కళలో చాలా భాగం ఇలాంటిదే. ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఏదో ఒకటి చెయ్యమంటుంది. మోకరించమంటుంది, పశ్చాత్తాపపడమంటుంది, లేనివాడికి పెట్టమంటుంది. అందుకే క్రైస్తవ యాత్రికుడిగా ఆ నగరానికి వెళ్లడమంటే కళాచరిత్రకు కాస్త భక్తి కలుపుకోవడమేనన్న అభిప్రాయంతో నేను ఏకీభవించను. ఆ బొమ్మల్ని చేసినవాళ్లు దృష్టిలో పెట్టుకున్న మనిషి ప్రార్థించడానికి వచ్చినవాడే. అతని చోట నిలబడితే భక్తి సంగతి తర్వాత, ముందు బొమ్మే ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

దీనికి సాంతా మరియా నొవెల్లా గుడిలో ఎడమవైపు గోడ మీదున్న మసాచో ‘త్రిత్వం’ కంటే మంచి రుజువు లేదు. 1427 ప్రాంతంలో వేసిన ఫ్రెస్కో అది. ఎవరు వివరించినా ముందు చెప్పేది పర్‌స్పెక్టివ్ గురించే. చదునైన గోడలో కమాను కప్పున్న ఒక గది లోపలికి తెరుచుకున్నట్టు ఉంటుంది, కొలతలన్నీ లెక్కకు సరిపోతాయి. నిజమే, అంతకుముందు అంత కచ్చితంగా ఆ పని చేసిన చిత్రకారుడు లేడు. కానీ గీతలన్నీ వెళ్లి కలిసే బిందువు ఎక్కడుందో గమనించాలి. అది సిలువ పాదం దగ్గర, నేల మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉంది. అక్కణ్ణుంచి చూపు పైకెత్తితే క్రీస్తు దేహం. దించితే శవపేటిక మీద పడుకోబెట్టిన అస్థిపంజరం. మీరిప్పుడు ఎలా ఉన్నారో ఒకప్పుడు నేనూ అలాగే ఉన్నాను, నేనెలా ఉన్నానో మీరూ అలాగే అవుతారు అని దాని పైన రాసి ఉంటుంది.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. సిలువ వెనక తండ్రి అయిన దేవుడు నిలబడి అడ్డకర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన గడ్డానికీ కుమారుడి తలకూ మధ్య తెల్లగా ఏదో ఉంటుంది. మొదటి చూపులో చొక్కా కాలరులా కనబడే ఆ తెలుపు, రెక్కలు చాచిన పావురం, పరిశుద్ధాత్మ. కింద నిలబడ్డ మరియ కొడుకు వైపు చూడటం లేదు. మనవైపు చూస్తూ, అరచెయ్యి తిప్పి ఆయన్ని చూపిస్తోంది. వయసు మళ్లిన ముఖం అది, అందులో ఏడుపు లేదు. స్తంభాలకు బయట, ఒక మెట్టు కిందగా, చిత్రాన్ని వేయించుకున్న దంపతులు మోకరించి ఉన్నారు. డబ్బు పెట్టింది వాళ్లే అయినా చిత్రకారుడు వాళ్లను గదిలోకి రానివ్వలేదు. ఆ దంపతులకూ అస్థిపంజరానికీ మధ్య ఒకప్పుడు బలిపీఠం ఉండేదని పండితులు చాలామంది భావిస్తారు. అదే నిజమైతే గురువు పూజలో అప్పం పైకెత్తినప్పుడు అది క్రీస్తు దేహానికి సరిగ్గా దిగువన, మరణానికి సరిగ్గా ఎగువన నిలిచేది. పర్‌స్పెక్టివ్ పాఠంగా మిగిలిపోయిన ఆ బొమ్మ అప్పుడొక పూజలో భాగంగా అర్థమవుతుంది. చావు, బలిపీఠం, సిలువ, తండ్రి ఒకే నిలువు గీత మీదికి వస్తాయి.

ఆ గీతను చరిత్ర ఒకసారి విరిచేసింది కూడా. 1570లో చిత్రకారుడు, వాస్తుశిల్పి జోర్జో వసారి గుడిని కొత్త పద్ధతికి మారుస్తూ ఈ ఫ్రెస్కో ముందు తాను వేసిన చిత్రంతో మరో బలిపీఠం కట్టాడు. మసాచో మూడు శతాబ్దాలు మరుగున పడ్డాడు. 1860 ప్రాంతంలో బయటపడ్డాక పైభాగాన్ని గోడ నుంచి విడదీసి ముఖద్వారం వైపు మార్చారు. కింద అస్థిపంజరం ఉన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అది 1952లో గానీ దొరకలేదు, అప్పుడే రెండిటినీ మళ్లీ ఒక్కచోట కలిపారు. అంటే దాదాపు తొంభై ఏళ్లపాటు లోకం ఈ చిత్రాన్ని మరణం లేకుండా మెచ్చుకుంది. కింది భాగం లేని లోటు రసజ్ఞులకు పెద్దగా తెలియలేదు. ప్రార్థించేవాడికి తెలిసేదనే నా నమ్మకం. సిలువ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ కింది భాగంలోనే ఉంది.

కేథడ్రల్ ఎదురుగా ఉన్న బాప్తిస్మ మందిరానిదీ ఇలాంటి కథే. 11, 12 శతాబ్దాల్లో లేచిన ఈ కట్టడానికి ఎనిమిది ముఖాలు. ఏడు రోజుల సృష్టి తర్వాత వచ్చే ఎనిమిదో రోజు క్రీస్తు లేచిన రోజని, కొత్త సృష్టికి మొదటి రోజని తొలి క్రైస్తవ సంఘం నమ్మింది. బాప్తిస్మ మందిరాలను అష్టకోణంగా కట్టే సంప్రదాయం వెనుక ఆ నమ్మకమే ఉంది. డాంటేతో సహా ఫ్లోరెన్స్ బిడ్డలు తరతరాలుగా క్రైస్తవులైంది ఇక్కడే. పైకప్పంతా బంగారు మొజాయిక్. మధ్యలో తీర్పు తీర్చే క్రీస్తు, ఆయన చేతుల్లో గాయాలు, ఆయన ఎడమ పక్కన మనుషుల్ని నమిలేస్తున్న సాతాను. నీళ్లలో బిడ్డను ముంచేటప్పుడు తలెత్తితే ఇదీ దృశ్యం. మధ్యనున్న పెద్ద తొట్టిని 1577లో నగరాన్ని ఏలే మెడిచీ కుటుంబపు బిడ్డ బాప్తిస్మం సందర్భంగా తీసేశారు. తొట్టి పోయాక పైకప్పు ఒంటరిదైంది. ఇప్పుడు లోపలికి వచ్చినవాళ్లు మెడలు నొప్పెట్టేదాకా పైకి చూస్తారు. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది మాత్రం కింద నేల మీదున్న గుర్తులు వెతికితే తప్ప తెలియదు.

అలాగని మ్యూజియంలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1966 నవంబరు 4న ఆర్నో నది నగరంలోకి వచ్చింది. సాంతా క్రోచేలో చిమాబూయె వేసిన పెద్ద సిలువ మీది రంగులో సగానికి పైగా కొట్టుకుపోయింది. బాప్తిస్మ మందిరం తలుపుల మీద గిబెర్తి పోతపోసిన కంచు పలకల్లో ఐదు ఊడిపోయాయి. ఆ పలకలను శుభ్రం చేసి, అసలు తలుపులను కేథడ్రల్ మ్యూజియంలో భద్రపరచి, బయట నకళ్లు పెట్టారు. పాపం విడిచి పశ్చాత్తాపపడిన స్త్రీగా పేరున్న మగ్దలేనే మరియనూ, దొనాతెల్లో చెక్కతో చేసిన రూపంలో, ఆ మ్యూజియంలోనే చూస్తాం. ఉపవాసాలతో చిక్కి శల్యమైన శరీరం, కలవని అరచేతులు, ఒళ్లంతా కప్పిన జుట్టు. వరద బురద కడిగి శుభ్రం చేసినప్పుడే ఆ జుట్టులో బంగారు పూత బయటపడింది. మ్యూజియం లేకపోతే ఇవేవీ మనకు మిగిలేవి కావు. అయితే కాపాడటం వేరు, చోటు మార్చడం వేరు. మగ్దలేనే మరియ చాలాకాలం బాప్తిస్మ మందిరంలోనే ఉండేది. బాప్తిస్మం తర్వాత చేసిన పాపాలకు కూడా క్షమాపణ ఉందని ఆ చోట ఆమె ఉనికే చెప్పేది. ఇప్పుడు దీపాల వెలుగులో ఒక గొప్ప శిల్పంగా నిలబడింది. ఆమెను మళ్లీ ఆ తొట్టి పక్కన నిలబెట్టుకోవడం మ్యూజియం చెయ్యలేని పని. అది యాత్రికుడు తన మనసులో చేసుకోవాలి.

ఇక యాత్రికులు తరచూ తప్పించుకునే విషయానికి వద్దాం. ఈ అందానికంతటికీ డబ్బు ఎక్కడిది? ఎక్కువ భాగం బ్యాంకర్లది, వ్యాపారులది. వడ్డీ పాపమని క్రైస్తవ సంఘం బోధిస్తున్న కాలంలో వడ్డీ మీద పెరిగిన నగరం ఇది. పుస్తక వ్యాపారి వెస్పాసియానో ద బిస్తిచ్చి రాసినదాని ప్రకారం, కోసిమో మెడిచీ తాను గడించిన దాంట్లో అన్యాయపు సొమ్ము ఉందని కలతపడి పోప్ నాలుగో యూజీనియస్‌ను సలహా అడిగాడు. సాన్ మార్కో కట్టడానికి పదివేల ఫ్లోరిన్లు (ఆ నగరపు బంగారు నాణేలు) ఖర్చుపెట్టమని ఆయన చెప్పాడట. ఫ్రా ఆంజెలికో ప్రశాంతమైన గోడల వెనక ఒక కలత చెందిన అంతరాత్మ ఉందన్నమాట. కోసిమో కొడుకు పియేరో కాలానికి ఆ కలత కూడా లేదు. సాంతిస్సిమా అనున్సియాతా గుడిలో మరియ చిత్రం చుట్టూ అతను కట్టించిన పాలరాతి మండపం మీద, ఒక్క పాలరాయికే నాలుగు వేల ఫ్లోరిన్లు అయ్యాయని చెక్కించాడు. దేవునికి ఇచ్చిన కానుక ధరను దాని మీదే రాయించిన మనిషి!

చిత్రకారులు మాత్రం తమకు కూలి ఇచ్చినవాళ్ల ముందే నిజం చెప్పడానికి వెనకాడలేదు. సాంతా క్రోచేలోని బార్ది కుటుంబ ప్రార్థనాలయంలో జొత్తో అస్సీసీ ఫ్రాన్సిస్ జీవితాన్ని చిత్రించాడు. ఇంగ్లండు రాజుకే అప్పులిచ్చిన బ్యాంకు కుటుంబం అది, 1340ల్లో దివాలా తీసింది. ఆ ఇంటివాళ్ల గోడ మీద ఫ్రాన్సిస్ ఒంటిమీది బట్టలు విప్పి వ్యాపారి అయిన తండ్రికి తిరిగిచ్చేస్తున్నాడు, కోపంతో మీదికి వెళ్లబోతున్న తండ్రిని పక్కవాళ్లు పట్టుకుని ఆపుతున్నారు. నదికి అవతల, పట్టు వ్యాపారి బ్రాంకాచ్చి ప్రార్థనాలయంలో మసాచో ఇంకా కటువుగా మాట్లాడతాడు. పేతురు పేదలకు పంచుతున్నాడు. చంకలో బిడ్డతో ఒక తల్లి చెయ్యి చాచి డబ్బు తీసుకుంటోంది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అబద్ధమాడిన అననీయ వాళ్ల కాళ్ల దగ్గరే చచ్చిపడి ఉన్నాడు. పొందికలో ఆ శవానికి పెద్ద చోటేమీ ఇవ్వలేదు, అయినా ఒకసారి చూశాక కళ్లు దాని మీదికే పోతాయి. ఆ గోడ ముందు నిలబడ్డ యాత్రికుడు మసాచో వెలుగునీడల గొప్పతనం గురించి మాత్రమే మాట్లాడి బయటికొస్తే, అతను తన జేబును చిత్రం నుంచి దాచుకున్నట్టే.

బొమ్మలంటేనే అనుమానపడే క్రైస్తవులున్నారు, వాళ్ల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆ భయం ఫ్లోరెన్స్‌కూ తెలుసు. సాన్ మార్కో మఠాధిపతి సావొనరోలా ఆధ్వర్యంలో 1497లో విలాస వస్తువులను, కొన్ని చిత్రాలను కూడా నగర కూడలిలో తగలబెట్టారు. మరుసటి ఏడాది మే 23న అతన్నే అక్కడ ఉరితీసి, దేహాన్ని కాల్చేశారు. అయితే అదే సావొనరోలా ఫ్రా ఆంజెలికో చిత్రాల నడుమ జీవించాడు. మరియను ఆడంబరంగా అలంకరించిన ధనిక స్త్రీలా చిత్రించడం మీదే అతని మండిపాటు. అతని తీవ్రతతో నేను ఏకీభవించను కానీ అతను అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ అవసరమే. ఈ బొమ్మ నన్ను దేవుని వైపు పంపుతోందా, తన దగ్గరే ఆపేస్తోందా?

ఆ ప్రశ్నకు ఎదురుపడి నిలిచే చిత్రం ఒకటి సాంతా మరియా నొవెల్లా మ్యూజియంలోనే ఉంది. ప్లౌతిల్లా నెల్లి అనే డొమినికన్ సన్యాసిని 1560ల్లో తమ మఠం భోజనశాల కోసం వేసిన ప్రభురాత్రి భోజనం అది. పొడవు దాదాపు ఏడు మీటర్లు. ఏళ్ల తరబడి మరమ్మతు చేశాక 2019 నుంచి అందరూ చూసేలా పెట్టారు. భోజనశాల గోడల మీద ప్రభురాత్రి భోజనం వెయ్యడం ఆ నగరంలో పాత ఆచారం. తినేవాళ్లు ప్రభువు బల్లకు ఎదురుగా కూర్చుని తినేవాళ్లు. నెల్లి కూడా అలాగే బల్ల పరిచింది, మడతలు కనబడే ఇస్త్రీ గుడ్డతో సహా. ఒక మూల తన పేరు రాసి, పక్కన చిత్రకారిణి కోసం ప్రార్థించండి అని చేర్చింది. మెచ్చుకోమని ఆమె అడగలేదు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ కోరిక తీర్చడం ఎవరికైనా సాధ్యమే, రెండు నిమిషాల పని.

ఈ యాత్రలో నేను గట్టిగా వాదించే చోటు బలిపీఠం కోసం కట్టింది కానే కాదు. పట్టు వ్యాపారుల సంఘం డబ్బుతో 1419లో వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కీ మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం అది, పేరు ఇన్నోచెంతి. వాస్తుచరిత్ర పుస్తకాలు దాని ముందున్న కమానుల కొలతలను పొగుడుతాయి. ఆ కమానులు ఎవరి కోసం లేచాయన్నది ముఖ్యం. 1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది. ఆ రోజు అగాతా పునీతురాలి పండుగ కాబట్టి పాపకూ అగాతా అని పేరు పెట్టారు. కమానుల మధ్య నీలిరంగు గుండ్రటి పలకల్లో పొత్తిగుడ్డలు చుట్టిన పసిపిల్లల్ని 1487లో ఆంద్రియా దెల్లా రొబ్బియా చేసి పెట్టాడు. లోపల మ్యూజియంలో తల్లులు బిడ్డలతో పాటు వదిలిన గుర్తులున్నాయి. వాటిలో సగానికి విరగ్గొట్టిన పతకాలు కొన్ని. రెండో సగం తల్లి దగ్గర ఉండేది, ఎప్పటికైనా వచ్చి పోల్చుకోవచ్చని.

ఫ్లోరెన్స్‌లో చూడాల్సినవాటి జాబితాల్లో ఈ ఆశ్రమం టైముంటే చూద్దాంలే అన్న వరుసలో ఉంటుంది. క్రైస్తవ యాత్రికుడి జాబితాలో ఉఫీజీ గ్యాలరీ కంటే ముందు ఉండాలని నా అభిప్రాయం. పాలరాతి ధర చెక్కించిన పియేరో మండపం, ఈ ఆశ్రమం ఒకే కూడలిలో ఉన్నాయి. రెండూ అప్పటి వ్యాపారుల డబ్బుతో కట్టినవే, ఒకే మధ్యాహ్నం రెండూ చూడొచ్చు. వెళ్లేవాళ్లు ముందు మండపం దగ్గరకు వెళ్లి ఆ రాతను చదివి, ఆ తర్వాత ఆశ్రమంలో విరిగిన పతకాల గది చూడమని చెబుతాను.