మా బావ పంపిన కషాయం

ఇదే మెసేజి పొద్దుటి నుంచి మూడోసారి. మొదట మా బావ, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఇప్పుడు నా దగ్గరే ఇంటర్ కెమిస్ట్రీ చదువుకున్న కుర్రాడు. "పల్లె నీళ్లలో ఆర్సెనిక్! ప్రతి తెలుగువాడూ తెలుసుకోవాల్సిన ఏడు నిజాలు" అట. ఆర్సెనిక్ అంటే నేలలోంచి నీళ్లలోకి కరిగే విషం. గుంటూరు బ్రాడీపేటలో కుళాయి నీళ్లు తాగే నేను మామూలుగా అయితే తుడిచేసి ఊరుకునేవాణ్ణి. కానీ మా బావ ఉండేది వినుకొండ దగ్గర, తాగేది బోరు నీళ్లు. పైగా కింద రాశాడు, "ఇవాళ్టి నుంచి మీ అక్క నీళ్లు ఇందులో చెప్పినట్టే కాస్తోంది" అని. కాఫీ పక్కన పెట్టి కూర్చున్నాను.

రాగి బిందెలో రాత్రంతా ఉంచితే ఆర్సెనిక్ పోతుందట. పోదు. రాగి కొన్ని క్రిముల్ని చంపుతుంది, ఆర్సెనిక్ క్రిమి కాదు. తర్వాతది.

టీడీఎస్ మీటరు వంద లోపు చూపిస్తే భయం లేదట. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది. ఆర్సెనిక్‌కి మన ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. దానికి పది రెట్లున్నా 0.1. మిర్చి లారీ తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టి బరువు చెప్పమన్నట్టుంది.

జామాకు నలిపి వేస్తే నీళ్లు నల్లబడాలట, నల్లబడకపోతే ఆర్సెనిక్ లేనట్టేనట. ఆ నలుపు ఇనుముది. ఆకులోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. పెడన కలంకారీవాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు ఊరిన నీళ్లతో నలుపు తెప్పించేది ఇందుకే. ఇనుము లేని నీళ్లలోనూ ఆర్సెనిక్ ఉండొచ్చు. అది రంగూ రుచీ వాసనా లేని సరుకు.

ఇక నాలుగోది. "నీళ్లు సగమయ్యేదాకా మరిగిస్తే విషం ఆవిరైపోతుంది."

బావా, అక్క శొంఠి కషాయం ఎలా కాస్తుంది? నాలుగు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా. ఎందుకు? సారం చిక్కబడాలని. చారు పొయ్యి మీద మరిచిపోతే ఏమవుతుంది? ఉప్పుకషాయం. ఏనాడైనా ఉప్పు ఆవిరైపోయి చారు చప్పబడటం చూశావా? ఆర్సెనిక్కూ అంతే. లీటరుకు 0.05 ఉన్న నీళ్లు రెండు లీటర్లు సగానికి కాస్తే చేతికొచ్చేది లీటరుకు 0.1. గ్యాసు ఖర్చు పెట్టి మరీ విషాన్ని రెట్టింపు చేసుకోవడమన్నమాట. ఈ మెసేజి రాసిన మహానుభావుడు జన్మలో వంటింటి గుమ్మం తొక్కి ఉండడు.

కాచి చల్లార్చమనేది క్రిముల కోసం. 2018లో మా గుంటూరులోనే, ఆనందపేటలో, అతిసారంతో ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు కాచుకోవాల్సిందే. దానికి కళపెళా తెర్లితే చాలు, సగమవక్కర్లేదు.

అసలు కోపం ఇందుక్కూడా కాదు. గంగ ఒండ్రు మీద కూర్చున్న బెంగాల్ పల్లెల్లో ఉన్నట్టు మన వైపు ఆర్సెనిక్ పరుచుకుని లేదు. పల్నాడు, ప్రకాశం బోర్లలో ఉన్నది ఫ్లోరైడ్, పళ్లనీ ఎముకల్నీ కీళ్లనీ పాడుచేసేది. అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు 1937లోనే దాన్ని పట్టుకున్నారు. అదీ ఆవిరి కాదు. ఎరువుల్లోంచి నీళ్లలోకి దిగే నైట్రేటూ కాదు. ఎక్కడో ఉన్న ఆర్సెనిక్‌కి జడిసి, ఇంట్లో ఉన్న ఫ్లోరైడ్‌ని చిక్కగా కాచి అక్కకి పోస్తున్నావు. ఆవిడ మోకాళ్లు ఇప్పటికే అంతంతమాత్రం.

పొయ్యి ఆపమను. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో నమూనా ఎలా పట్టాలో కనుక్కుని సీసాతో నీళ్లిచ్చి రా. ఫ్లోరైడ్, నైట్రేట్, కావాలంటే ఆర్సెనిక్ కూడా చూడమను.

ఐదోది: అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి బుడిపెలు, ఒంటి మీద చుక్కలు వస్తే అంటురోగమట, కంచం వేరు పెట్టాలట. సిగ్గుండాలి. 1983లో కలకత్తాలో చర్మవైద్యుడు కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ పల్లెల ఆర్సెనిక్ రోగాన్ని పసిగట్టింది ఈ గుర్తులతోనే. ఇంట్లో నలుగురికీ వస్తుంది, నిజమే. నలుగురూ ఏళ్ల తరబడి ఒకే బోరు తాగారు మరి. ఆ నీళ్లే ఇంకొన్నాళ్లు తాగితే చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ దాకా పోవచ్చు. అలాంటి మనిషికి మంచినీళ్లు చూడాల్సింది పోయి కంచం దూరం జరుపుతారా?

పాత బావి పూడ్చి బోరు వేయించుకోమన్నది ఆరోది. చెరువు నీళ్ల విరేచనాలు తప్పించాలని బంగ్లాదేశ్‌లో 1970లలో మంచి మనసుతోనే ఊరూరా గొట్టపుబావులు దింపారు. విషం వాటిలోనే వచ్చింది, 1993లో గాని తెలియలేదు. అక్కడ చాలాచోట్ల పాత తవ్వుడు బావుల్లోనే ఆర్సెనిక్ తక్కువ.

ఏడోది, "ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చి తినండి." దీన్నీ ఉతికి ఆరేద్దామనే మొదలుపెట్టాను. కుదర్లేదు. నిలవనీళ్లలో పెరిగే వరి మిగతా ధాన్యాల కంటే ఎక్కువ ఆర్సెనిక్‌ని లాక్కుంటుంది. బియ్యం బాగా కడిగి, ఒకటికి ఆరు చొప్పున నీళ్లు పోసి వండి వారిస్తే అందులో సగం దాకా పోతుంది. ఆ ఎసరు మాత్రం ఆర్సెనిక్ లేని నీళ్లు కావాలి. బి విటమిన్లూ కొంత గంజితో పోతాయి, అది వేరే సంగతి. మా అమ్మ వార్చేది. కుక్కరొచ్చాక మేం మానేశాం. సిబ్బి అటక మీద ఎక్కడో ఉండాలి, సాయంత్రం వెతకాలి.