సవరణ: శామ్ మిచెల్ బ్రౌన్లో పతకం గురించి

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ శామ్ మిచెల్‌పై ఇంతకుముందు ప్రచురించిన పరిచయంలో, ఆయనకు బ్రౌన్లో పతకం (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో సీజన్ మొత్తంలో ఉత్తమంగా, నియమబద్ధంగా ఆడినవారికి అంపైర్ల ఓట్లతో ఇచ్చే పురస్కారం) ఎన్నడూ దక్కలేదనీ, 2012లో దాన్ని ఎసెండన్ క్లబ్ కెప్టెన్ జోబ్ వాట్సన్ గెలుచుకున్నారనీ ఉంది. ఆ వాక్యాన్ని తొలగించాము.

ఆ సీజన్‌లో అంపైర్ల ఓట్లు వాట్సన్‌కు 30, హాథార్న్ క్లబ్ తరఫున ఆడిన మిచెల్‌కూ రిచ్‌మండ్ ఆటగాడు ట్రెంట్ కాచిన్‌కూ చెరి 26 వచ్చిన మాట నిజమే. అయితే ఎసెండన్ ఆటగాళ్లకు అదే 2012లో నిషిద్ధ పదార్థం ఇచ్చారన్న కేసులో, అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2016 జనవరిలో 34 మందిని దోషులుగా తేల్చింది; వారిలో ఒకరైన వాట్సన్ ఆ నవంబరులో పతకాన్ని వదులుకోగా, లీగ్ కమిషన్ మిచెల్, కాచిన్‌లను సంయుక్త విజేతలుగా ప్రకటించింది. ఈ పతకం ఓట్లతో పాటు నడవడికనూ లెక్కలోకి తీసుకునేది కనుక, మిచెల్ పేరును అడుగున చిన్న గమనికగా కాక విజేతల వరుసలోనే చూపడం సబబు. విచిత్రమేమిటంటే, ఆ ప్రకటన వెలువడేనాటికి ఆయన హాథార్న్‌ను వీడి వెస్ట్ కోస్ట్ క్లబ్‌కు మారిపోయారు.

హాథార్న్‌తో 2008లో కెప్టెన్‌గానూ, తర్వాత 2013, 2014, 2015లలోనూ ఆయన గెలిచిన ప్రీమియర్‌షిప్‌ల (లీగ్ టైటిళ్ల) వివరాల్లో మార్పేమీ లేదు.