వైమాక్స్ ఓడింది వేగంలో కాదు
ఎక్కువ వేగమిచ్చే సాంకేతిక ప్రమాణాన్నే మొబైల్ ఆపరేటర్లు ఎంచుకుంటారని ఒక వ్యాసంలో చదివాను గానీ, 4జీ కోసం పోటీపడ్డ రెండు ప్రమాణాలైన వైమాక్స్, ఎల్‌టీఈల పోటీ అలా తేలలేదు. అమెరికాలో స్ప్రింట్ అనే మొబైల్ సంస్థ 2006లోనే వైమాక్స్‌ను ఎంచుకున్నా, 2జీ నాటి జీఎస్ఎం ప్రమాణపు నెట్‌వర్కులున్న సంస్థల్లో అత్యధికం తమ పాత వ్యవస్థకు కొనసాగింపుగా అమరే ఎల్‌టీఈ వైపు మొగ్గడంతో ఫోన్ల తయారీదారులూ అటే వెళ్లారు. చివరికి స్ప్రింట్ కూడా 2012లో ఎల్‌టీఈ సేవలు మొదలుపెట్టక తప్పలేదు.

ఆపరేటర్ చేతిలో ఉన్న రేడియో తరంగాల శ్రేణి, అంటే స్పెక్ట్రమ్‌ది కూడా పెద్ద పాత్రే. విశాఖ పెదవాల్తేరులోని మా ఇంటి బాల్కనీలో 5జీ చూపే ఫోను, రెండు గోడలు దాటి వంటగదిలోకి వెళ్లేసరికి 4జీకి పడిపోతుంది, ఎందుకంటే 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడల్లోంచి అంత బాగా చొరబడవు. 2022 స్పెక్ట్రమ్ వేలంలో, గోడల్లోంచి మెరుగ్గా చొరబడే 700 మెగాహెర్ట్జ్ కొన్న ఒకే ఒక్క సంస్థ జియో, 4జీపై ఆధారపడని స్టాండలోన్ 5జీతో మొదలుపెట్టడం కాకతాళీయమని నేను అనుకోను.